విశాఖ నుంచి హైదరాబాద్: గంటంపావు విమానమా, రాత్రి రైలా?

విశాఖ నుంచి హైదరాబాద్ ఎంత దూరం అని అడిగితే మూడు జవాబులు వస్తాయి, మూడూ నిజమే. ఆకాశంలో తిన్నగా గీత గీస్తే 510 కిలోమీటర్ల చిల్లర. రోడ్డు మీద దాదాపు 620. రైల్లో ఇంచుమించు 700. రోడ్డూ రైలూ రెండూ ముందు తీరం వెంబడి రాజమండ్రి దాకా వెళ్లి, గోదావరి దాటి, ఏలూరు మీదుగా విజయవాడ చేరాకే హైదరాబాద్ వైపు తిరుగుతాయి. వందే భారత్ లాంటి రైళ్లు అక్కణ్ణుంచి మళ్లీ ఖమ్మం, వరంగల్ మీదుగా ఉత్తరానికి ఎక్కి, కాజీపేట దగ్గర పడమటికి మళ్లుతాయి. విమానానికి ఈ చుట్టు లేదు. అందుకే టికెట్ మీద గంటంపావు అని పడుతుంది.

ఆ గంటంపావుని రైలు టైంటేబుల్‌లోని పన్నెండు గంటల పక్కన పెట్టి చూస్తే ఇంక ఆలోచించడానికేమీ లేదనిపిస్తుంది. కానీ అది విమానం ప్రయాణం, మీ ప్రయాణం కాదు. మీ ప్రయాణం మధురవాడలోనో గాజువాకలోనో ఇంటికి తాళం వేసినప్పుడు మొదలై, కూకట్‌పల్లిలోనో ఈసీఐఎల్‌లోనో తలుపు కొట్టినప్పుడు ముగుస్తుంది. పిల్లలు హైదరాబాద్‌లో, పెద్దవాళ్లు విశాఖలో ఉండే కుటుంబాలు మన దగ్గర వీధికి పది ఉంటాయి. వాళ్లందరికీ ఈ లెక్క పనికొస్తుందని రాస్తున్నాను.

## ముందు ఏం చూడాలి

అన్నిటికన్నా ముందు చూడాల్సింది రెండు చివర్లు. విశాఖలో మీరు ఏ వైపు ఉంటారు, హైదరాబాద్‌లో ఏ వైపు వెళ్లాలి అన్నదాన్ని బట్టి విమాన ప్రయాణంలో రెండు గంటల తేడా వస్తుంది. శంషాబాద్ విమానాశ్రయం నగరానికి దక్షిణపు అంచున ఉంది. సికింద్రాబాద్ స్టేషన్ ఉత్తరం వైపు ఉంది. గచ్చిబౌలి వెళ్లేవాళ్లకి మొదటిది కలిసొస్తే, మల్కాజిగిరి, అల్వాల్, తార్నాక వాళ్లకి రెండోదే ఇల్లు.

రెండోది, మెలకువగా ఎన్ని గంటలు పోతాయి అన్నది. రాత్రి రైల్లో పన్నెండు గంటలు కూర్చున్నా అందులో ఆరేడు గంటలు ఎలాగూ ఇంట్లో అయినా నిద్రపోయే గంటలే. విమానంలో ఐదు గంటలు పోతే అవి పూర్తిగా పగటి గంటలు. సెలవు పెట్టాల్సిన ఉద్యోగికి ఈ తేడా చాలా ముఖ్యం.

ఆ తర్వాత సామాను, డబ్బు, ఆలస్యమైతే ఎంత నష్టం అన్నవి. అందరికీ ఒకే వరుసలో ఉండవు కాబట్టి మీ వరుస మీరే వేసుకోండి.

| ఎలా వెళ్లడం | బండిలో ఉండేది | గుమ్మం నుంచి గుమ్మానికి | మెలకువగా గడిచేది | ఒకరికి, మామూలు రోజుల్లో (సుమారు) |
|---|---|---|---|---|
| విమానం | గంటంపావు | 4 నుంచి 6 గంటలు | మొత్తం | 3,000–6,000 రూపాయలు, క్యాబ్‌లు వేరే |
| వందే భారత్ | 8½–9 గంటలు | 10½–11½ గంటలు | మొత్తం | చైర్‌కార్ 1,700 |
| రాత్రి రైలు | 11–13 గంటలు | 13–15 గంటలు | 6–8 గంటలు | స్లీపర్ 400–500, థర్డ్ ఏసీ 1,100–1,200 |
| రాత్రి బస్సు | 11–13 గంటలు | 12–14 గంటలు | నిద్ర పట్టేదాన్ని బట్టి | 1,000–2,000 |
| సొంత కారు | 10–12 గంటలు | అంతే | మొత్తం | పెట్రోలు, టోల్‌గేట్లు |

పండగ రోజుల్లో విమానం, ప్రైవేటు బస్సు ధరలు ఈ అంకెలకి ఎక్కడా అందవు.

## విమానం: నాలుగు గంటలా, ఆరు గంటలా

రెండు ఇళ్ల లెక్క వేసి చూద్దాం.

మొదటివాళ్లు మధురవాడ నుంచి కూకట్‌పల్లి వెళ్లాలి. రెండు పెద్ద బ్యాగులున్నాయి. మధురవాడ నుంచి విమానాశ్రయానికి ముప్పావు గంట, ఎన్‌ఏడీ కూడలి దగ్గర రద్దీ ఉంటే గంట. బ్యాగులు వేసే కౌంటర్ దేశీయ విమానాలకి గంట ముందే మూసేస్తారు కాబట్టి కనీసం గంటన్నర, గంటా ముప్పావు ముందు అక్కడ ఉండాలి. ప్రయాణం గంటంపావు. శంషాబాద్‌లో దిగి, అంత పెద్ద టెర్మినల్‌లో నడిచి, బెల్టు మీద బ్యాగులు వచ్చేదాకా నిలబడి బయటపడేసరికి అరగంట పైనే. అక్కణ్ణుంచి ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా కూకట్‌పల్లికి గంటంపావు. అన్నీ కలిపితే దాదాపు ఆరు గంటలు.

రెండోవాళ్లు గాజువాక నుంచి గచ్చిబౌలి వెళ్లాలి. వీపు మీద ఒక్క బ్యాగ్, ఫోన్లో బోర్డింగ్ పాస్, డిజియాత్ర (ముఖం చూపించి లోపలికి వెళ్లే యాప్) ఉంది. ఇంటి నుంచి విమానాశ్రయానికి ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు. గంటంపావు ముందు చేరితే చాలు. దిగాక పావుగంటలో బయటికొచ్చి, ఔటర్ ఎక్కితే ముప్పావు గంటలో గచ్చిబౌలి. నాలుగు గంటల్లో ఇంట్లో ఉంటారు.

ఒకే విమానం, ఒకే టికెట్ ధర, రెండు గంటల తేడా. విమానం మీకు లాభమా కాదా అన్నది ఈ రెండు ఇళ్లలో మీది దేనికి దగ్గరో చూసుకుంటే తెలిసిపోతుంది.

కొన్ని సర్వీసులకి రెక్కల మీద పంకాలున్న ఏటీఆర్ విమానం వేస్తారు. అది గంటకి 500 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంది, జెట్ అయితే 800 పైన. వినడానికి పెద్ద తేడాలా ఉంటుంది కానీ ఈ దూరానికి పది, పదిహేను నిమిషాలే. నిజంగా గాల్లో ఉండేది ఎలాగూ గంట అటూ ఇటూ. మిగతాదంతా రన్‌వే దాకా వెళ్లడం, దిగాక గేటు దాకా రావడం. కాబట్టి ఏ విమానం అని చూడకుండా, ఏ టైముకి అని చూడండి. సాయంత్రం ఆరుకి శంషాబాద్‌లో దిగితే ఐటీ ఆఫీసులు వదిలే వేళకి సరిగ్గా గచ్చిబౌలి చేరతారు, అక్కడ ఆదా చేసిందంతా పోతుంది.

విశాఖ విమానాశ్రయం నేవీ వాళ్ల ఐఎన్ఎస్ డేగా స్థావరంలో ఉంది, ఊళ్లోనే ఉండడం మన అదృష్టం. విజయనగరం జిల్లా భోగాపురంలో కట్టిన అల్లూరి సీతారామరాజు విమానాశ్రయానికి సర్వీసులు మారాక పై లెక్కలు తిరగరాసుకోవాలి. అప్పుడు మధురవాడ వాళ్లకి పెద్ద తేడా ఉండదు. విజయనగరం, శ్రీకాకుళం వాళ్లకి ఎంతో మేలు. గాజువాక, స్టీల్‌ప్లాంట్, అనకాపల్లి వైపు వాళ్లు మాత్రం ఊరంతా దాటుకుని వెళ్లాలి. ఇరవై నిమిషాల దారి గంటన్నర అయ్యాక విమానం కన్నా దువ్వాడలో రైలెక్కడమే సుఖమని వాళ్లలో చాలామందికి అనిపిస్తుంది, అందులో తప్పేమీ లేదు.

సామాను సంగతి కాస్త వివరంగా చెప్పాలి. మామూలు ఎకానమీ టికెట్‌కి ఎక్కువ విమానాల్లో చెక్-ఇన్ 15 కిలోలు, చేతిలో 7 కిలోలు. ఎండాకాలంలో విశాఖ విమానాశ్రయంలో సెక్యూరిటీ దగ్గర నిలబడితే ఈ దృశ్యం తరచూ కనిపిస్తుంది. ఒక పెద్దావిడ చేతిసంచిలోంచి ఆవకాయ సీసా బయటికి తీయిస్తారు. మూతకి గుడ్డ కట్టి, దాని మీద రెండు కవర్లు చుట్టి, రబ్బరు బ్యాండ్లు వేసి ఉంటుంది. కవర్ లోపల అంచున ఎర్రటి నూనె చెమ్మ. లోపలికి పంపరు, వెనక్కి వెళ్లి బ్యాగులో వేసి రావడానికి టైం ఉండదు. ఆవిడ ముఖం చూడలేం. నూనెలో ఊరిన పచ్చళ్లు, కారప్పొడి చెక్-ఇన్ బ్యాగులోనే పెట్టండి. ఎండుకొబ్బరి ఏ బ్యాగులోనూ వద్దు, నూనె ఎక్కువ కాబట్టి దాన్ని మండే సరుకుగా లెక్కిస్తారు. అనకాపల్లి బెల్లం, సీలు తీయని మాడుగుల హల్వా డబ్బాలతో సాధారణంగా ఇబ్బంది ఉండదు.

రైల్లో స్లీపర్, థర్డ్ ఏసీ ప్రయాణికులకి ఒక్కొక్కరికి 40 కిలోలు ఉచితం. సంవత్సరానికి సరిపడా పచ్చళ్లు, బియ్యం, పప్పులు పట్టుకెళ్లే కుటుంబానికి ఈ ఒక్క విషయంతోనే నిర్ణయం అయిపోతుంది.

## వందే భారత్: పగలంతా పోయినా హాయి

2023 జనవరి 15న, సంక్రాంతి రోజు, విశాఖ–సికింద్రాబాద్ వందే భారత్ మొదలైంది. 2024 మార్చిలో రెండోది వచ్చింది. ఇప్పుడు విశాఖ నుంచి ఒకటి తెల్లవారాక, ఒకటి మధ్యాహ్నం బయలుదేరుతున్నాయి. ఉదయం రైలు మధ్యాహ్నం రెండు దాటాక సికింద్రాబాద్ చేరుతుంది. మధ్యాహ్నం రైలు చేరేసరికి రాత్రి పదకొండు దాటుతుంది.

సికింద్రాబాద్‌లో మధ్యాహ్నం దిగడం ఎంత మేలో రాత్రి దిగేవాళ్లకి తెలుస్తుంది. స్టేషన్ పక్కనే సికింద్రాబాద్ ఈస్ట్ మెట్రో ఉంది, అది ఎక్కితే బేగంపేట, అమీర్‌పేట మీదుగా తిన్నగా హైటెక్ సిటీ, రాయదుర్గం. రాత్రి పదకొండున్నరకి దిగితే ఆ మెట్రో మీద ఆశ పెట్టుకోకండి. క్యాబ్ కోసం బయట నిలబడాలి, ఆడపిల్ల ఒంటరిగా వస్తుంటే ఇంట్లోవాళ్లు స్టేషన్‌కి రావాల్సిందే. అందుకే రెండిట్లో ఉదయం రైలునే ఎంచుకోమంటాను.

కూర్చునే ప్రయాణం కాబట్టి నడుం నొప్పి ఉన్నవాళ్లకి ఎనిమిదిన్నర గంటలు కష్టమే. చైర్‌కార్‌లో సీటు వెనక్కి వాలేది కొంచెమే. కానీ లాప్‌టాప్‌తో పని చేసుకునేవాళ్లకి, పిల్లలతో వెళ్లేవాళ్లకి ఇది చాలా మంచి రైలు. పిల్లలు లేచి తిరగొచ్చు, శుభ్రమైన బాత్రూం ఉంటుంది, టికెట్‌తోపాటు భోజనం కూడా తీసుకోవచ్చు. ఉదయం ఎండలో రాజమండ్రి దగ్గర గోదావరి దాటుతుంటే ఫోన్లు పక్కన పెట్టి బోగీ అంతా కిటికీల వైపు తిరుగుతుంది. అద్దాలు తెరుచుకోవు, నాణేలు వేయడం కుదరదు, చేతులు జోడించేవాళ్లు మాత్రం ఇప్పటికీ జోడిస్తారు.

విమానం టికెట్ ఐదు వేలు దాటి, మీకు ఆ రోజు పని ఏమీ లేకపోతే వందే భారత్ తీసుకోండి. నలుగురున్న కుటుంబానికి పన్నెండు, పదమూడు వేల రూపాయల తేడా వస్తుంది, పైగా రెండు వైపులా క్యాబ్ ఖర్చు తగ్గుతుంది.

## రాత్రి రైలు

ఎక్కువమందికి నేను చెప్పేది ఇదే. ముఖ్యంగా గోదావరి ఎక్స్‌ప్రెస్. 1974 నుంచి నడుస్తోంది, రెండు తరాల విశాఖ వాళ్లు దాని టైముని బట్టే హైదరాబాద్ పనులు పెట్టుకున్నారు. సాయంత్రం ఐదు దాటాక విశాఖలో బయలుదేరి, తెల్లారి ఆరు ప్రాంతంలో హైదరాబాద్‌లో ఉంటుంది. మధ్యాహ్నం దాకా ఆఫీసు చేసుకుని ఎక్కొచ్చు, మర్నాడు పది గంటలకి స్నానం చేసి పనికి వెళ్లొచ్చు. పగలు దాదాపు పోదు. పన్నెండు గంటల రైలు గంటంపావు విమానం కన్నా మీ పగటి టైము తక్కువ తీసుకోవడం అంటే ఇదే.

హోటల్ ఖర్చు కూడా మిగులుతుంది. ఉదయం పదకొండుకి హైదరాబాద్‌లో పని ఉంటే విమానం వాళ్లు ముందురోజే వెళ్లి పడుకోవాలి లేదా తెల్లవారుజామున మూడింటికి లేచి మొదటి విమానం పట్టుకోవాలి.

గరీబ్ రథ్ ఇంకొంచెం పొద్దుపోయాక బయలుదేరుతుంది. అన్నీ ఏసీ బోగీలే, ఛార్జీ మామూలు థర్డ్ ఏసీ కన్నా తక్కువ, చోటు ఇరుకు. దురంతో వారానికి మూడు రోజులే ఉంటుంది. ఆగేవి చాలా తక్కువ కాబట్టి నిద్ర చెడదు. మీ రోజుకి దొరికితే అదే మంచిది. హౌరా, భువనేశ్వర్ వైపు నుంచి వచ్చే రైళ్లలో టికెట్ సులభంగా దొరికినా ఆలస్యం పట్టుకొస్తాయి, మర్నాడు ఉదయం ముఖ్యమైన పని ఉంటే వాటి జోలికి పోవద్దు. పగటి రైలు జన్మభూమి గుంటూరు, నల్గొండ మీదుగా లింగంపల్లి వెళ్తుంది. చందానగర్, బీహెచ్ఈఎల్ వాళ్లకి, ఆ దారిలో చుట్టాలున్నవాళ్లకి తప్ప మిగతావాళ్లకి సిఫారసు చేయను.

అసలు చిక్కు టికెట్ దొరకడమే. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు మాత్రమే తెరుచుకుంటుంది, 2024 నవంబరు దాకా 120 రోజులుండేది. సంక్రాంతికి నవంబరు రెండో వారంలో ఉదయం ఎనిమిదికి ఐఆర్‌సీటీసీ ముందు కూర్చోకపోతే బెర్తు రాదు. తత్కాల్ ఏసీకి ముందురోజు ఉదయం పది, స్లీపర్‌కి పదకొండు. ఆన్‌లైన్‌లో తత్కాల్ తీయాలంటే ఐఆర్‌సీటీసీ ఖాతాకి ఆధార్ జోడించి ఉండాలి, ఆ పని ఇవాళే చేసిపెట్టుకోండి, పదింటికి ఆ టెన్షన్ పడొద్దు.

వెయిటింగ్ లిస్టు ముప్పై, నలభై దాటితే దాన్నే నమ్ముకుని కూర్చోవద్దు. బస్సు టికెట్ ధర పెరగకముందే తీసేసుకోండి.

## బస్సు, కారు

రైలు దొరకనప్పుడు బస్సు. దానికున్న గొప్ప సౌకర్యం ఎక్కే చోటు, దిగే చోటు. ద్వారకా బస్టాండ్, మద్దిలపాలెం, ఎన్‌ఏడీ, గాజువాక, కూర్మన్నపాలెం ఎక్కడైనా ఎక్కొచ్చు. హైదరాబాద్‌లో ఎల్బీ నగర్, అమీర్‌పేట, కూకట్‌పల్లి, మియాపూర్‌లో ఇంటి దగ్గర్లోనే దిగొచ్చు. ఎల్బీ నగర్, హయత్‌నగర్, వనస్థలిపురం వాళ్లకైతే బస్సు రైలు కన్నా ముందే ఇంటికి చేరుస్తుంది. మధుమేహం ఉన్నవాళ్లకి, ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్న పెద్దవాళ్లకి మాత్రం బస్సు వద్దు. అడిగిన చోట ఆపించుకోవడానికి మొహమాటపడి గంటల తరబడి ఓర్చుకుంటారు.

కారు నలుగురుంటేనే, ఇద్దరు డ్రైవింగ్ చేయగలిగితేనే. దేవరపల్లి–ఖమ్మం కొత్త గ్రీన్‌ఫీల్డ్ రోడ్డు పూర్తిగా వాడుకలో ఉంటే విజయవాడ దాకా దిగాల్సిన పని తప్పుతుంది, బయలుదేరే ముందు అది చూసుకోండి.

## ఎవరికి ఏది

మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నల్ని పంపుతుంటే, ధర కాస్త ఎక్కువైనా విమానమే. టికెట్ తీసేటప్పుడే వీల్‌చైర్ కావాలని పెట్టండి, గేటు నుంచి క్యాబ్ దాకా తీసుకొచ్చి వదులుతారు. సికింద్రాబాద్‌లో సామానుతో వంతెన మెట్లెక్కే బాధ ఉండదు. ఆరోగ్యం బాగుండి, విమానమంటే బెరుకున్న పెద్దవాళ్లయితే రైల్లో కింది బెర్తు. పురుషులకి 60, స్త్రీలకి 45 దాటితే కింది బెర్తుల కోటా ఉంటుంది, ఒకరో ఇద్దరో ఉన్న టికెట్‌కే అది వర్తిస్తుంది. కాబట్టి ఆరుగురికీ ఒకే టికెట్ తీయకుండా పెద్దవాళ్లకి విడిగా తీయండి.

అమెరికా వీసా ఇంటర్వ్యూకి నానక్‌రామ్‌గూడ వెళ్లే పిల్లలు ఏ దారిన వెళ్లినా ముందురోజే చేరిపోవాలి. ఆ రోజు ఉదయం దిగేలా రైలు గాని, విమానం గాని పెట్టుకోవద్దు.

అదే పిల్లలు చదువుకి వెళ్లేటప్పుడు ఇంకో లెక్క. అమెరికా టికెట్‌కి సాధారణంగా 23 కిలోల పెట్టెలు రెండు ఇస్తారు. విశాఖ నుంచే ఒకే టికెట్‌గా తీస్తే చాలావరకు అదే బరువు మొదటి విమానానికీ వర్తిస్తుంది. హైదరాబాద్ దాకా విడిగా టికెట్ కొంటే 15 కిలోలే, మిగిలిన ముప్పై కిలోలకి కిలోకి వందల్లో కట్టాలి. పైగా మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోతే ఎవరికీ బాధ్యత ఉండదు. విడి టికెట్లయితే రైల్లోనో కారులోనో ఒకరోజు ముందు హైదరాబాద్ చేరి, చుట్టాలింట్లో ఉండి వెళ్లండి.

పొద్దున్న వెళ్లి రాత్రికి తిరిగి రావాలంటే విమానం తప్ప దారి లేదు.

వానాకాలం, తుపాన్ల రోజులు వేరేగా ఆలోచించాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కొట్టినప్పుడు మన విమానాశ్రయం కప్పు ఎగిరిపోయి కొన్ని రోజులు మూతపడింది. 2024 సెప్టెంబరు మొదట్లో పరిస్థితి తలకిందులు. మహబూబాబాద్ జిల్లా కేసముద్రం దగ్గర పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి రైళ్లు ఆగాయి, నందిగామ దగ్గర మునేరు వరద హైవే మీదికి వచ్చి బస్సులూ ఆగాయి. విజయవాడ చుట్టూ నీళ్లొస్తే రైలు, బస్సు, కారు మూడూ ఒకేసారి ఆగిపోతాయి, విమానం ఒక్కటే మిగులుతుంది. విశాఖ మీదికి తుపాను వస్తుంటే ముందు ఆగేది విమానం. వాన ఎక్కడుందో చూసి టికెట్ తీయండి.

## తిరుగు ప్రయాణం

వచ్చేటప్పుడు లెక్క కొంచెం మారుతుంది. శంషాబాద్‌లో వరుసలు పెద్దవి, నగరంలో ట్రాఫిక్ చెప్పలేం, ఇంటి నుంచి విమానం టైముకి నాలుగు గంటల ముందు బయలుదేరడం మంచిది. డబ్బు ఆదా చేయాలంటే విమానాశ్రయానికి వెళ్లే ఆర్టీసీ పుష్పక్ బస్సు ఉంది. సికింద్రాబాద్ నుంచి ఉదయం వందే భారత్ ఐదు ప్రాంతంలోనే బయలుదేరుతుంది, ఆ వేళకి మెట్రో మొదలవదు, రాత్రే క్యాబ్ మాట్లాడుకోండి. మధ్యాహ్నం మూడు ప్రాంతంలో బయలుదేరేది విశాఖ చేరేసరికి పదకొండు దాటుతుంది.

గోదావరి హైదరాబాద్‌లో సాయంత్రం ఎక్కితే తెల్లారేసరికి మన ఊళ్లో ఉంటారు. గాజువాక, కూర్మన్నపాలెం, స్టీల్‌ప్లాంట్ వాళ్లు విశాఖ దాకా రాకుండా దువ్వాడకే టికెట్ తీసుకోండి. రైలు విశాఖ ప్లాట్‌ఫారం చేరేలోపు మీరు ఆటోలో ఇంటికి చేరిపోతారు.